నీటిని తాకని నౌకలు

ఓడ పుట్టేది సముద్రంలో కాదు, కాగితం మీద. ఉక్కు పలక ఒక్కటైనా కోయకముందే అది గీతలుగా, అంకెలుగా రూపు దిద్దుకొంటుంది. అలా రూపు దిద్దుకొన్నవన్నీ నీటిని చేరుకోవు. ధనం చాలక కొన్ని, అవసరం తీరిపోయి కొన్ని, రాజ్యాల మధ్య సంబంధాలు మారి మరికొన్ని కాగితాల మీదే నిలిచిపోతాయి. నౌకాదళ చరిత్ర అనగానే కట్టిన ఓడలు, గెలిచిన యుద్ధాలు గుర్తుకు వస్తాయి. కాని కట్టని ఓడలకు కూడా ఆ చరిత్రలో స్థానం ఉంది. 1921లో బ్రిటన్ సంకల్పించి, నిర్మాణానికి ఉత్తరువులిచ్చి, చివరకు విడిచిపెట్టిన నాలుగు యుద్ధనౌకల కథ ఇందుకు చక్కని ఉదాహరణ.

ఆ కథకు మూలం ఒక విషాదంలో ఉంది. 1916 మే 31న ఉత్తర సముద్రంలో, జట్లాండ్ తీరానికి చేరువలో బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడ్డాయి. ఆ సాయంకాలం కొన్ని గంటల వ్యవధిలోనే ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ అనే మూడు బ్రిటిష్ నౌకలు పేలిపోయాయి. వాటితోపాటు మూడు వేలమందికి పైగా నావికులు జలసమాధి అయ్యారు. బతికి బయటపడినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. ఆ నౌకలను బాటిల్ క్రూయిజర్లు అనేవారు. వాటికి పెద్ద ఫిరంగులు ఉండేవి, గొప్ప వేగం ఉండేది. కవచం మాత్రం పలుచన. వేగమే రక్షణ అని వాటిని రూపొందించినవారు నమ్మారు. మందుగుండును భద్రపరచడంలో చూపిన అజాగ్రత్త కూడా ఆ నమ్మకానికి తోడై ప్రమాదాన్ని పెంచింది.

జట్లాండ్ యుద్ధం జరిగేనాటికి హుడ్ అనే మరొక పెద్ద నౌకకు ప్లాను సిద్ధమై ఉంది. యుద్ధం నేర్పిన పాఠాలను అనుసరించి దాని కవచాన్ని పెంచారు. అయినా అది పాత ప్లానుకు వేసిన అతుకే. 1920లో హుడ్ సేవలో ప్రవేశించినప్పుడు ప్రపంచంలో అంతకు మించిన యుద్ధనౌక లేదు. చూడడానికి ఎంతో అందమైనది. కాని దాని డెక్కుకు రక్షణగా ఉన్నది పలుచని పొరలే. చాలా దూరం నుంచి ప్రయోగించిన గుండు ఆకాశం నుంచి రాలినట్లు నిటారుగా దిగుతుంది. అలాంటి దెబ్బను తట్టుకొనే శక్తి ఆ నౌకకు చాలినంత లేదని నిపుణులకు తెలుసు.

ఈ లోపాన్ని మొదటినుంచే తొలగించి, పూర్తిగా కొత్త నౌకను రూపొందించాలని బ్రిటిష్ నౌకాదళం నిశ్చయించింది. నౌకా నిర్మాణ విభాగానికి అధిపతి అయిన యూస్టస్ టెన్నిసన్ డిన్‌కోర్ట్ ఆధ్వర్యంలో ప్లాను తరువాత ప్లాను తయారైంది. మొదట గీసినవి మరీ పెద్దవై, ఉన్న రేవులలో ఇమడవని తేలింది. వాటిని తగ్గించుకొంటూ వచ్చి చివరకు 48,400 టన్నుల నౌకను ఖరారు చేశారు. దానికి 16 అంగుళాల ఫిరంగులు తొమ్మిది. వేగం 31, 32 నాట్లు, అంటే గంటకు దాదాపు 58 కిలోమీటర్లు. పక్కలకు 14 అంగుళాల ఉక్కు కవచం. మందుగుండు గదుల మీద డెక్కు మందమే 8 అంగుళాలు. ఉక్కునంతటినీ ఓడ నిండా పలుచగా పరచడానికి బదులు, ప్రాణస్థానాల చుట్టూ మందంగా పేర్చి, మిగిలిన భాగాలను దాదాపుగా విడిచిపెట్టారు. కాపాడవలసిన చోటును కురచ చేయడానికి ఫిరంగులను వంతెనకు ముందు రెండు చోట్ల, వెనుక ఒకచోట దగ్గర దగ్గరగా అమర్చారు. మూడు వేలమంది మరణం నేర్పిన పాఠమే ఈ ప్లానుగా మారింది.

ఈ నౌకలకు పేర్లు లేవు. ప్లానులను అక్షరాలతో గుర్తించేవారు. ఇంగ్లీషు వర్ణమాలలో ‘కె’ నుంచి వెనుకకు నడుస్తూ ‘జి’ దగ్గర ఆగారు. ఒక్కొక్క బురుజులో మూడేసి ఫిరంగులు ఉన్నందున ‘జి 3’ అన్నారు. తెలుగువారి సామెతలో ఆలూ చూలూ లేకుండానే కొడుకు పేరు సోమలింగమవుతుంది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. 1921 శరదృతువులో నాలుగు నౌకల నిర్మాణానికి ఉత్తరువులు వెలువడ్డాయి. పేరు మాత్రం పెట్టలేదు. నాలుగింటిలో మూడు స్కాట్లండులోని క్లైడ్ నది ఒడ్డున, ఒకటి ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున తయారు కావలసి ఉంది.

అప్పటికి ప్రపంచయుద్ధం ముగిసి మూడేళ్లయింది. అయినా ఓడల పోటీ ఆగలేదు. అమెరికా 1916 ప్రణాళిక ప్రకారం పదహారు మహానౌకలను తలపెట్టింది. జపాన్ ఎనిమిది యుద్ధనౌకలు, ఎనిమిది బాటిల్ క్రూయిజర్లు కావాలనుకొంది. అప్పుల భారంతో కుంగిన బ్రిటన్ కూడా వెనుకబడడానికి ఇష్టపడలేదు. ఒకరు ఓడ కడితే మరొకరు అంతకంటే పెద్దది కట్టాలి. ఈ పందెంలో గెలుపు ఎవరిదైనా చెల్లించేది మాత్రం ఆయా దేశాల సామాన్యులే.

1921 నవంబరు 12న వాషింగ్టన్‌లో నౌకాబలాల తగ్గింపు సమావేశం ప్రారంభమైంది. సాధారణంగా ఇలాంటి సభలు స్వాగత వచనాలతో మొదలవుతాయి. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ మాత్రం మొదటి ప్రసంగంలోనే ఏ దేశం ఏయే ఓడలను విడిచిపెట్టాలో లెక్కలతో సహా ప్రకటించాడు. సభ నిర్ఘాంతపోయింది. ఆరు రోజుల తరువాత, నవంబరు 18న, నాలుగు నౌకల పనిని నిలిపివేయవలసిందిగా బ్రిటన్ ఆదేశించింది. 1922 ఫిబ్రవరి 6న అమెరికా, బ్రిటన్, జపాన్, ఫ్రాన్స్, ఇటలీ ఒప్పందంపై సంతకాలు చేశాయి. మొదటి మూడు దేశాల మహానౌకల బరువు 5:5:3 నిష్పత్తిలో ఉండాలి. కొత్త నౌక ఏదీ 35,000 టన్నులు మించరాదు. అదే నెలలో ‘జి 3’ నౌకలు పూర్తిగా రద్దయ్యాయి.

ఖజానాకు ఇది ఊరట. నౌకా నిర్మాణశాలలున్న ఊళ్లకు మాత్రం దెబ్బ. యుద్ధకాలంలో పగలూ రాత్రీ సుత్తుల చప్పుడు విన్న ఆ ఊళ్లలో అప్పటికే పని కరువైంది. నాలుగు మహానౌకలంటే వేలాదిమందికి ఏళ్ల తరబడి కూడు. శాంతికి కూడా మూల్యం ఉంటుంది. ఆ మూల్యాన్ని సంతకాలు చేసినవారి కంటే ముందు చేతిపనివారు చెల్లించారు.

ప్లాను రద్దయినా అందులోని ఆలోచన నశించలేదు. ఒప్పందం బ్రిటన్‌కు రెండు కొత్త నౌకలను అనుమతించింది. 1927లో పూర్తయిన నెల్సన్, రాడ్నీ అవే. ‘జి 3’ లోని తొమ్మిది ఫిరంగులు, మందమైన కవచం వీటికి వచ్చాయి. బరువు తగ్గించడం కోసం వేగాన్ని వదులుకొన్నారు. అది 23 నాట్లకు దిగజారింది. మూడు బురుజులూ ముందుకే చేరడంతో నౌక వెనుకభాగం నరికివేసినట్లు కనబడేది. బాల్యంలో జార్జి వాషింగ్టన్ చెర్రీ చెట్టును నరికిన కథ బడిపిల్లలందరికీ తెలిసినదే. వాషింగ్టన్ నరికిన ఓడలు కనుక వీటికి నావికులు ‘చెర్రీ చెట్టు’ అని ముద్దుపేరు పెట్టారు.

1941 మే 24న డెన్మార్క్ జలసంధి దగ్గర జర్మన్ నౌక బిస్మార్క్‌ను హుడ్ ఎదుర్కొంది. అదే సంవత్సరం దానికి కొత్త కవచం తొడగాలని అంతకుముందు అనుకొన్నారు. యుద్ధం రావడంతో ఆ ప్లాను కూడా కాగితం మీదే మిగిలింది. పోరు మొదలైన కొద్ది నిమిషాలకే హుడ్ పేలిపోయింది. అందులోని 1,418 మందిలో ముగ్గురే మిగిలారు. మూడు రోజుల తరువాత, మరమ్మతులకని అమెరికా బయలుదేరిన రాడ్నీ మధ్యదారిలో మళ్లి, బిస్మార్క్‌ను నుజ్జు చేసిన నౌకలలో ఒకటిగా నిలిచింది. అక్కడ రెండు వేలమందికి పైగా జర్మన్ నావికులు మరణించారు. ‘జి 3’ నౌకలు ఉండి ఉంటే హుడ్ బతికేదా అనే ప్రశ్నకు సమాధానం లేదు. కట్టని ఓడ ఓడిపోదు కనుక అది ఎప్పుడూ గొప్పగానే కనబడుతుంది.

నిజానికి ఆ మహానౌకల కాలం అప్పటికే అస్తమిస్తోంది. బిస్మార్క్ చుక్కానిని చెడగొట్టి దానిని పట్టించినది ఒక విమానం వదిలిన టార్పెడో. వాషింగ్టన్ ఒప్పందం వల్ల నిలిచిపోయిన కొన్ని ఓడలను విమానవాహక నౌకలుగా మార్చుకొనే అవకాశం దేశాలకు లభించింది. అమెరికాలో లెక్సింగ్టన్, సారటోగా అలా మారాయి. జపాన్‌లో అకాగి అలా మారింది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన దళానికి నాయకత్వం వహించినది ఆ అకాగియే. శాంతి కోసం ఆపిన ఓడ మరొక రూపంలో యుద్ధానికి వెళ్లింది.

అందుచేత కట్టని నౌకలు వ్యర్థమని గాని, వాటిని ఆపడమే పరమ వివేకమని గాని ఒక్కమాటలో చెప్పలేము. ఒప్పందం శాశ్వతమైన శాంతిని ఇవ్వలేదు. 1936 చివరతో దాని గడువే తీరిపోయింది. అయినా కొన్నేళ్లపాటు దేశాలు ఎదుటివారి ఓడను చూసి ఓడ కట్టడం మాని, ఎదురెదురుగా కూర్చుని లెక్కలు చెప్పుకొన్నాయి. అది చిన్న విషయం కాదు. ఉక్కును కరిగించడం కంటే అనుమానాన్ని కరిగించడం కష్టం. ఆ కష్టమైన పనిని తిరిగి చేపట్టేవారు కరువైనప్పుడు ఓడల ప్లానులు మళ్లీ బల్లల మీదికి వచ్చాయి.