అంబులెన్స్ రాని దారిలో

మారేడుమిల్లి దాటి ఘాట్ రోడ్డు ఎక్కిన కాసేపటికే ఫోన్లలో సిగ్నల్ పోయింది. ప్రథమ చికిత్స శిక్షణకు ఆ అడవినే ఎంచుకున్నది అందుకేనట. వచ్చినవాళ్లలో ట్రెక్కింగ్ కుర్రాళ్లు, టీచర్లు, చుట్టుపక్కల గూడేల కొండరెడ్డి యువకులు ఉన్నారు. నేర్పే ఆయన సైన్యంలో వైద్య విభాగంలో పనిచేసి వచ్చారు. ‘‘ఊళ్లో అయితే 108 వచ్చేదాకా ఆదుకుంటే చాలు. ఇక్కడ మనిషి తెల్లవార్లూ మీ చేతుల్లోనే ఉండొచ్చు’’ అన్నారు.

అందుకే కట్లు కట్టడం కన్నా ముందు రాయడం నేర్పారు. నాడి, శ్వాస, స్పృహ పావుగంటకోసారి చూసి, టైముతో సహా కాగితం మీద పెట్టాలి. నాడి వేగం అంతకంతకూ పెరుగుతుంటే లోపలెక్కడో రక్తం పోతోందేమోనని అనుమానించాలి. అది ఒక్కసారి చూస్తే దొరికేది కాదు.

పాముకాటు దగ్గర చాలాసేపు ఆగాం. కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పీ ఉండదు, గాటూ సరిగా కనబడదు. కొన్ని గంటల్లో కడుపునొప్పి రావచ్చు, రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరే ఆగిపోతుంది. అప్పుడు కూడా నోటితో ఊపిరి అందిస్తూ ఆసుపత్రికి చేర్చగలిగితే బతికే అవకాశం ఉంది. తాడు బిగించకూడదు, కోయకూడదు, విషం పీల్చకూడదు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రకట్టు కట్టి, నడవనివ్వకుండా మోసుకుపోవాలి. పామును వెతికి చంపి తీసుకెళ్లక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. ఈ మాట ప్రతి గూడేనికీ చేరాలి.

విరిగిన కాలికి వెదురు బద్దలు, తువ్వాళ్లతో కట్టు కట్టాం. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. రాకపోతే కట్టు బిగువైనట్టు.

మోసే పాఠం దగ్గర గురువులు మారారు. రెండు కర్రలు, దుప్పటితో చేసిన స్ట్రెచర్‌కు ఆ కాలిబాట చాలలేదు. ‘‘ఈ దారికి డోలీయే మేలండి. ఒకళ్ల వెనక ఒకళ్లు నడవచ్చు’’ అన్నాడొక గూడెం కుర్రాడు. శిక్షకుడు అతని చేతే కట్టించి, ఒక్కటే చేర్చారు: వెన్నెముకకు దెబ్బ తగిలిందని అనుమానముంటే డోలీ వద్దు, అందులో ఒళ్లు వంగిపోతుంది.

ఆ కుర్రాళ్లకు డోలీ కట్టడం అంత బాగా రావడం నాకు బాధ కలిగించింది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను అలా మోసి మోసి వచ్చిన నేర్పు అది. ప్రథమ చికిత్స ఎంత నేర్చినా రోడ్డుకు బదులు కాదు. ఆ గూడేలకు రోడ్డు పడాల్సిందే.

సరదాకు అడవికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. పాము విరుగుడు మందు దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని బయల్దేరండి.