మునేటి యిసుకలో మా మకాము

మాఘమాసము సమీపించినదనగానే మేము తోడికోడండ్ర మిద్దరము నందిగామలోని యింటి బాధ్యత పిల్లల కప్పగించి, వంటపాత్రలు, పడకలు, లాంతర్లు బండి కెక్కించి పెనుగంచిప్రోలు చేరుకొందుము. అచ్చట మునేటి యొడ్డున మా బంధువుల మామిడితోట యున్నది. మాఘపూర్ణిమకు జరుగు తిరుపతమ్మవారి పెద్ద తిరునాళ్లు మొదలు ఫాల్గుణములోని చిన్న తిరునాళ్లు ముగియువరకు ఆ తోటయే మా యిల్లు. అందు దిగు యాత్రికులే మా చుట్టములు. వారికి చోటు చూపుట, నీరమర్చుట, రాత్రివేళ పొయ్యిలలో నిప్పు చల్లారినదో లేదో చూచుట మా పని.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు పూర్వము కృష్ణాజిల్లాకు పడమటి మెట్ట. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఇచ్చటి మునేటి తీరు మిక్కిలి చిత్రము. 2023 జూలై వరదలలో ఐతవరమువద్ద హైదరాబాదు రహదారిని ముంచి రాకపోకల నాపిన యేరే, వేసవి ముదిరినకొలది సన్నని పాయయై, తక్కిన దంతయు నిసుకబయలుగా మిగులును. అది ఎడారి కాదు. కాని మిట్టమధ్యాహ్నమున నడచువారి పాదముల కా భేదము తెలియదు.

ఎడ్లబండ్లమీదను, ట్రాక్టర్లమీదను జనము వచ్చి దిగుదురు. మూడు రాళ్లు పేర్చి పొంగలి వండుదురు. రెండేండ్ల కొకసారి అమ్మవారి విగ్రహములను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు కొనిపోయి తెచ్చెదరు. ఆ యేటి సందడి చెప్పనలవి కాదు. ఇసుకలో చెలమ త్రవ్వినచో నీరూరును. మొదటి నీరు తోడిపోసి, పిదప తేరినదానిని వడగట్టి, తెర్లకాచి కుండలలో నింపుదుము. తేటనీరెల్ల మంచినీరు కాదుగదా!

కొన్నేండ్ల క్రిందట నొకనాటి మధ్యాహ్నము ఒక బాలింతరాలు బండినీడన సొమ్మసిల్లి పడిపోయినది. ఎండదెబ్బ యనుకొంటిమి. మామిడిక్రిందికి చేర్చి, ముఖము తడిపి, తెలివి వచ్చినపిమ్మట చూతుముగదా, ఉదయము మేమిచ్చిన కుండ నిండుగానే యున్నది.

“ఇదేమమ్మా, ముంతెడు నీళ్లయినా తాగలేదా?” యని యడిగితిమి.

ఆమె చుట్టునున్న మగవారిని చూచి, గొంతు తగ్గించి, “తాగితే ఎక్కడికి పోయేదమ్మా? పొద్దుగూకేదాకా మరుగు లేదుగా” అన్నది.

మాకు సిగ్గుతో నోట మాట రాలేదు. ఎన్ని కుండలు నింపితిమో ప్రతిదినము లెక్కించుకొనుచుంటిమేగాని, త్రాగని వారెందరో యొక్కనాడైన చూడలేదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో కొలతగా ఆరు టీచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించితిమి. సాయంకాలమునకు తేరుకొని బిడ్డ నెత్తుకొన్నది.

మరునాడే తాటాకు తడికలు తెప్పించి, చెలమకు దూరముగా, పల్లపువైపున రెండు మరుగులు కట్టించితిమి. ఒక్కొక్కదానిలో నీళ్లబాన, సబ్బు, రాత్రికి లాంతరు ఉంచితిమి. “తిరునాళ్లలో ఇదేమి చోద్యము!” అని కొందరు నవ్విరి. ఆ నవ్వినవారి యాడువారే ముందు వరుసలో నిలిచిరి. ఆ దినము పగటిపూటకే కుండలు ఖాళీయైనవి. మరుసటియేడు మరుగులను ఐదు చేసితిమి. ఆ బాలింతరాలు మరల వచ్చి, నడుచుచున్న బిడ్డను మాకు చూపి, తానే చెంబు చాచి నీరడిగినది.

సోదరీమణులారా! మీ యింట పెండ్లియైనను, మీ యూర జాతరయైనను, విస్తళ్లు లెక్కించుటకు ముందు వచ్చిన యాడువారికి మరుగున్నదో లేదో చూడుడు. అది లేనిచోట మనమిచ్చు మంచినీరు కుండలోనే నిలిచిపోవును.