పడవ కొంటే సరా... బిరడా మరవొద్దు!

మే నెల మధ్యలో ఓ శనివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చలికి అందరూ స్వెట్టర్లు బిగించుకునే ఉన్నారు. అయినా సరస్సులోకి దిగే దారి మీద బండ్లు బారులు తీరాయి. ప్రతి బండి వెనకా ఓ ట్రైలర్, దాని మీద ఓ పడవ. పిల్లలు వెనక సీట్లో నిద్ర ఆపుకుంటూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఏటా కనిపించే దృశ్యమిది. రాష్ట్ర చేపగా గౌరవం పొందిన వాల్‌ఐని పట్టడానికి అనుమతి మొదలయ్యే రోజు మరి! మదర్స్ డే కూడా తరచూ ఆ వారాంతంలోనే వస్తుంది. అమ్మతో గడపాలా, చేపల వేటకెళ్లాలా అని ఇళ్లలో ఏటా ఓ తీపి తగాదా. అమ్మనూ పడవెక్కించుకుని వెళ్లడమే చాలామంది చేసుకునే రాజీ.

పది వేల సరస్సుల రాష్ట్రమని అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీదే రాసి ఉంటుంది. అది వినయంతో చెప్పిన లెక్కే. పదెకరాలూ అంతకు మించినవీ లెక్కేస్తే 11,842 ఉన్నాయి. ఇక, ఆ రాష్ట్రంలో నమోదైన పడవలు ఎనిమిది లక్షలకు పైనే. నీటి మీద స్కీయింగ్ చేయొచ్చని 1922లో రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే కుర్రాడు చేసి చూపించింది కూడా ఇక్కడి పెపిన్ సరస్సులోనే. అలాంటిచోట షికారు పడవ కొనుక్కోవడమంటే మన దగ్గర తొలిసారి బైకు కొన్నంత ముచ్చట.

ఒడ్డున ఇల్లు లేకపోయినా...

సరస్సు ఒడ్డున సొంత ఇల్లున్నవాళ్లు పడవను పెరట్లో ఆవుని కట్టేసినట్టు కట్టేసుకుంటారు. కానీ ఆ స్థలాల ధరలు అందరికీ అందేవి కావు. మిగతావాళ్ల కోసమే ప్రభుత్వం రేవులు కట్టించింది. రాష్ట్ర సహజ వనరుల శాఖ చూసుకునేవే పదిహేను వందలకు పైగా ఉన్నాయి. నీళ్లలోకి ఏటవాలుగా దిగే కాంక్రీటు దారి, పక్కన బండ్లు నిలిపే చోటు... అంతే. ఒడ్డున గజం స్థలం లేకపోయినా ఈ వారం ఒక సరస్సుకి, వచ్చే వారం ఇంకో సరస్సుకి వెళ్లొచ్చు. మినియాపొలిస్ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇదే దారి. గోదావరి మీద లాంచీ ఎక్కడమే తప్ప, పడవను ఇంటి ముందు పెట్టుకోవడం తెలియని వాళ్లకి ఇదంతా కొత్తే.

అందుకే అక్కడ పడవ ఒక్కటే కొంటే సగం పనే అయినట్టు. దాన్ని లాక్కెళ్లే బండి ఉంటేనే రెండో సగం పూర్తవుతుంది.

ముందు బండి లెక్క

తొలిసారి కొనేవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. మోజుపడి పడవ కొనేస్తారు. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు, ఉన్న కారు దాన్ని లాగలేదని తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు తిరగేసి ఆలోచిస్తారు. ముందు బండి ఎంత లాగగలదో చూసి, ఆ లెక్కకు తగ్గ పడవను వెతుక్కుంటారు.

ఆ లెక్క ఎలా ఉంటుందంటే... పదహారు అడుగుల అల్యూమినియం పడవ ఖాళీగా 430 కిలోలు ఉందనుకుందాం. మోటారు 115, ట్రైలర్ 270. పెట్రోలు, బ్యాటరీ, లంగరు, గాలాలు, లైఫ్ జాకెట్లు అన్నీ కలిపి ఇంకో 150. మొత్తం 965 కిలోలు. ప్రకటనలో కనిపించేది మొదటి అంకె. రోడ్డు మీద బండి లాగేది చివరి అంకె. టొయోటా సియెన్నా లాంటి కుటుంబ వ్యాను సుమారు 1,590 కిలోలు లాగగలదు కాబట్టి దీనికి చాలు. అదే పది మంది కూర్చునే పాంటూన్ పడవ మీద మనసు పడితే ఆ వ్యాను సరిపోకపోవచ్చు. పెద్ద ఎస్‌యూవీయో పికప్ ట్రక్కో కావాలి. అంటే రెండో అప్పు!

వ్యాను చాలన్న మాటకీ షరతులుంటాయి. కొన్ని వాహనాల్లో ఎక్కే మనుషులు పెరిగేకొద్దీ లాగే బరువు తగ్గించుకోవాలని కంపెనీ ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ట్రైలర్ ముందు కొన బండి మీద మోపే బరువు కూడా లెక్కలోకి వస్తుంది. అది మొత్తంలో సుమారు పదో వంతు ఉండాలి. మరీ తగ్గితే వేగంలో ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది. మరీ పెరిగితే బండి వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. పడవలో సామాను కాస్త ముందుకో వెనక్కో జరిపినా ఈ తూకం మారిపోతుంది.

లాగడం కన్నా ఆపడమే కష్టం. వెనక టన్ను బరువు తోసుకొస్తుంటే బ్రేకు వేసిన చోట బండి ఆగదు. అందుకే మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు, ఆపైన ఉండే ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి. కొక్కెం ఊడినా ట్రైలర్ రోడ్డున పడకుండా రెండు గొలుసుల్ని అడ్డంగా, కత్తెరలా తగిలిస్తారు.

పాత పడవ కొనేవాళ్లు మోటారు మోత విని మురిసిపోతారు కానీ ముందు చూడాల్సింది ట్రైలర్ చక్రాలే. దూరం నడిచి వేడెక్కిన చక్రాలు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే బేరింగుల్లోకి నీళ్లు చేరతాయి. గ్రీజు పాడై, ఏదో ఒకరోజు నడిరోడ్డున చక్రం బిగుసుకుపోతుంది. టైర్లు అరగకపోయినా వయసు మీరి పగిలిపోతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు, అది ఏ ఏడాది ఎన్నో వారంలో తయారైందో చెప్పేస్తాయి.

రేవులో పరీక్ష

అన్నీ కుదిరాక అసలు పరీక్ష రేవులో ఉంటుంది. ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి వెనక్కి నడిపినవాళ్లకి ఆ కష్టం తెలుసు. స్టీరింగు కుడికి తిప్పితే వెనక బండి ఎడమకి పోతుంది. దీనికో చిట్కా ఉంది. స్టీరింగుని కింది భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటే వెళుతుంది. ఖాళీ మైదానంలో నాలుగు రోజులు సాధన చేసి వచ్చేవాళ్లు తెలివైనవాళ్లు. చేయనివాళ్లు వెనకున్న పాతిక బండ్ల ముందు నేర్చుకుంటారు. ‘ఏమండీ, ఇంకొంచెం ఎడమకి... అయ్యో, అటు కాదు!’ అని భార్య చేతులూపడం, ‘నీ ఎడమా, నా ఎడమా?’ అని భర్త విసుక్కోవడం... ఏ భాషలోనైనా ఆ మాటలు ఇవే.

ఈ కంగారులో మరిచిపోయేది ఒకే ఒక్క వస్తువు. పడవ వెనక అడుగున నీళ్లు పోవడానికి ఓ కన్నం, దానికి బొటనవేలంత బిరడా. అది పెట్టకుండా దింపితే సరస్సు నెమ్మదిగా పడవలోకి వచ్చేస్తుంది. కాళ్లకు తడి తగిలాక కానీ తెలియదు. మేలో అక్కడి నీళ్లు ఒళ్లు కొయ్యబారేంత చల్లగా ఉంటాయి. అందులో హఠాత్తుగా పడితే ఈతగాడికైనా ఊపిరి తన అధీనంలో ఉండదు. అందుకే కదులుతున్న పడవలో పదేళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తొడగాల్సిందేనని చట్టం. మోటారు పడవ నడిపేవాళ్లు శిక్షణ పొంది అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన కూడా 2025 జులై 1న మొదలైంది. 1987 జూన్ 30 తర్వాత పుట్టినవాళ్లందరికీ 2028 జులై నాటికి దశలవారీగా వర్తిస్తుంది.

పెట్టకపోతే ముప్పు... తీయకపోతే తప్పు

తిరుగు ప్రయాణంలో అదే బిరడాను తీసెయ్యాలి. బిరడా బిగించిన పడవను రోడ్డు మీద లాక్కెళ్లడం అక్కడ నేరం. ఎందుకంటే అడుగున మిగిలిన చారెడు నీళ్లలో కంటికి కనిపించని శత్రువు ఉండొచ్చు. దాని పేరు జీబ్రా మసెల్... చారల గుల్ల. వేలి గోరంత ఉండే ఈ జీవి ఐరోపా, ఆసియా ప్రాంతాల నుంచి ఓడల అడుగున నింపే నీళ్లతో అమెరికా చేరింది. ఒక్క ఆడగుల్ల ఏడాదిలో పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. మోటారులోకి నీళ్లొచ్చే దారిని మూసేస్తాయి, ఈతకు దిగిన పిల్లల పాదాలు కోస్తాయి, చేప పిల్లలకు అందాల్సిన సూక్ష్మజీవుల్ని వడకట్టి తినేస్తాయి. 1989లో డులూత్ రేవులో బయటపడ్డాయి. 2005లో మిల్ లాక్స్‌లో, 2010లో మినియాపొలిస్ పక్కనే ఉన్న మినెటోంకా సరస్సులో కనిపించాయి. ఒకసారి చేరితే పెద్ద సరస్సు నుంచి పూర్తిగా తొలగించడం అసాధ్యమనే చెప్పాలి.

వాటికి రెక్కల్లేవు. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి వాటిని మోసుకెళ్లే ప్రధాన వాహనం షికారు పడవే! అన్ని సరస్సుల్నీ సామాన్యుడికి అందించిన ట్రైలరే వాటికి ముప్పును కూడా మోసుకొస్తోందన్నమాట. అందుకే రేవు దాటకముందే నాచు దులిపి, నీళ్లు వదిలేసి, బిరడా చేతిలో పట్టుకుని బయల్దేరాలి. మరో సరస్సులో దించేముందు పడవను ఐదు రోజులైనా ఎండనివ్వమంటారు నిపుణులు.

ఐదు నెలల ముచ్చట

ఇంతా చేసి ఈ సంబరం ఏటా ఐదారు నెలలే. అక్టోబరు నుంచే సర్దుళ్లు మొదలు. మోటారులో నీటిచుక్క మిగిలినా గడ్డకట్టి ఉబ్బి ఇనుమునే చీల్చేస్తుంది. నీళ్లన్నీ తీసేసి, బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి, పడవను తెల్లటి ప్లాస్టిక్‌లో చుట్టేస్తారు. వాయిదాలూ బీమా మాత్రం పన్నెండు నెలలూ కట్టాల్సిందే. ‘పడవంటే డబ్బులు పోయడానికి నీళ్లలో చేసుకున్న గొయ్యి’ అని అక్కడివాళ్లు నవ్వుకునేది అందుకే.

చలి ముదిరి, మంచు చాలినంత మందంగా గట్టిపడ్డాక అదే సరస్సు మీదకి బండి తోలుకెళ్లి, గడ్డకు రంధ్రం చేసి గాలం వేస్తారు కొందరు. పడవ మాత్రం పెరట్లో నిద్రపోతుంటుంది. దాని బిరడా వంటింట్లో తాళాల గుత్తికి వేలాడుతూ ఉంటుంది. మే నెల ఎప్పుడొస్తుందా అని పిల్లలు దాని వంక చూస్తుంటారు!