అవ్వ పుట్టినరోజు

మాది హోసూరు దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వినిపించే చోటు. నేను కళాశాలలో చదువుతున్న రోజుల్లో, 1988లో, మా అవ్వకు కంటిలో శుక్లం వచ్చింది. ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. అక్కడ ఇచ్చిన కాగితంలో ‘పుట్టిన తేదీ’ అని ఉంది. అవ్వకు చదువు రాదు. ఆమెను అడగకుండానే ‘తెలియదు’ అని రాసి, పైకి చదివాను.

అవ్వ ముఖం చిన్నబోయింది. “తెలియకేమి నాయనా! విభవ సంవత్సరం, మాఘ శుద్ధ సప్తమి. రథసప్తమినాడు పుట్టానని మా అమ్మ చెప్పేది. ఈ ఏడు కూడా విభవే. నేను పుట్టిన ఏడు మళ్ళీ వచ్చింది” అంది.

నాకు సిగ్గు వేసింది. మన సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మళ్ళీ ప్రభవ వస్తుంది. 1988లోంచి అరవై తీసివేసి, ‘తెలియదు’ను కొట్టివేసి, 1928 అని రాశాను.

మరునాడు ఈ సంగతి మా తెలుగు అయ్యవారికి చెప్పాను. ఆయన నవ్వి, “అవ్వ చెప్పింది సరే, నీ లెక్కే తప్పు. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. మాఘం పదకొండో నెల. అది వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోదా? ఆమె పుట్టింది 1929 ఫిబ్రవరిలో” అన్నారు.

తరువాత తిథి గురించి చెప్పారు. అమావాస్యనాడు సూర్యచంద్రులు ఒకే దిక్కున ఉంటారు. అక్కడినుంచి చంద్రుడు సూర్యునికంటే పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. అటువంటివి ముప్పై అయితే ఒక నెల. చంద్రుని నడక ఎప్పుడూ ఒకే వేగంతో ఉండదు. అందుచేత తిథి ఒకప్పుడు రోజుకంటే తక్కువ, ఒకప్పుడు ఎక్కువ. సాధారణంగా సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు పెడతారు. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. ఋతువులతో పొత్తు తప్పకుండా రెండున్నర, మూడేళ్ళకు ఒకసారి అధికమాసం కలుపుతారు. అందుకే అవ్వ పుట్టినరోజు ఏటా ఒకే తేదీన రాదు.

మా పొరుగున ఉన్న తమిళులకు సూర్యుడు మేషరాశిలో ప్రవేశించినప్పుడు, ఏప్రిల్ నడుమ, కొత్త సంవత్సరం వస్తుంది. సంవత్సరాల పేర్లు మాత్రం వాళ్ళకూ మనకూ ఒకటే.

ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు కాగితంలో సంవత్సరం దిద్దించాను. “ఒక ఏడు ముందే ముసలిదాన్ని చేశావే!” అని అవ్వ నవ్వింది. శస్త్రచికిత్స జరిగింది. చూపు వచ్చింది.

1989 ఫిబ్రవరిలో రథసప్తమినాడు ఆమెకు అరవై ఏళ్ళు నిండాయి. ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది. నడినెత్తి దగ్గర చంద్రుడు ఇంచుమించు సగం ఉన్నాడు.

“చూడు నాయనా, అదే నా పుట్టినరోజు. ఇంక ఎవరైనా అడిగితే తెలియదని రాయకు” అంది.