పేరు చెక్కిన రాళ్లు

దుబాయ్‌లోని మా అల్ వర్సాన్ నుంచి ఉత్తరానికి కారులో వెళ్తే గంటకు కాస్త అటూ ఇటూగా రస్ అల్ ఖైమా వస్తుంది. అక్కడి షిమాల్‌లో వెనకటి సమాధి రాయి ఒకటి దొరికింది. దాని మీద హీబ్రూ అక్షరాలు. మోషే కొడుకు దావీదు అని పండితులు చదివారు. ఏ ఊరివాడో, ఏ పనిమీద ఈ తీరానికి వచ్చాడో ఆ రాయి చెప్పదు. ఒక్కటి మాత్రం తెలుస్తుంది: తనవాళ్లెవరో దగ్గరుండి ఆయన పేరూ, తండ్రి పేరూ చెక్కించారు.

ప్రాగ్ వెళ్లినప్పుడు యూదుల పాత శ్మశానం తప్పకుండా చూడాలన్న పట్టుదల నాకు ఈ దావీదు వల్లనే కలిగింది.

అక్కడ అన్నిటికన్నా పాత రాయి 1439లో పోయిన కవి అవిగ్డోర్ కారాది. 1787 దాకా యూదులు తమవాళ్లను అక్కడే పూడ్చుకున్నారు. ఉన్న స్థలం చాలలేదు. పాత సమాధిని తవ్వి పారేయడానికి వాళ్ల ధర్మం ఒప్పుకోదు. అందుకని పైన మట్టి పోసి, పాతవాళ్ల మీద కొత్తవాళ్లను ఉంచారు. కొన్నిచోట్ల పన్నెండు పొరల దాకా ఉన్నాయంటారు. మట్టి పోసినప్పుడల్లా కిందివాళ్ల రాయిని కూడా పైకి తెచ్చి నిలబెట్టారు. ఆ చిన్న జాగాలో సుమారు 12,000 రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఒరిగి ఉండటానికి కారణం అదే. రాయి మీద రెండు చేతులుంటే పూజారి వంశం, కూజా ఉంటే లేవీయులు. 1609లో పోయిన మతగురువు రబ్బీ లోవ్ సమాధి మీద, వచ్చినవాళ్లు పెట్టిన గులకరాళ్లు కనిపిస్తాయి. చూడటానికి వచ్చామని చెప్పుకోవడానికి రాయి పెట్టడం వాళ్ల ఆచారం.

పక్కనే పింకస్ ప్రార్థనాలయం. నాజీలు పొట్టన పెట్టుకున్న బొహీమియా, మొరేవియా యూదులు సుమారు 78,000 మంది పేర్లను 1950లలో ఆ గోడల మీద చేత్తో రాశారు. తర్వాత గోడలు చెమ్మెక్కాయి. 1968లో ఆలయం మూతబడింది, పేర్లు పోయాయి. 1990లలో ఆ పేర్లన్నీ మొదటినుంచీ మళ్లీ రాశారు. ఆ గోడల ముందు నిలబడి చదువుతుంటే గొంతు పూడుకుపోయింది.

మన గడ్డకు సంబంధించిన పేరూ ఒకటుంది. జాక్ డి పైవా అనే యూదు వర్తకుడు గోల్కొండ వజ్రాల కోసం మద్రాసు చేరాడు. 1687లో అక్కడే చనిపోయాడు. పెద్దనాయకన్‌పేటలోని యూదుల శ్మశానంలో ఆయన్ను పూడ్చారు. గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది కూడా ఆ ఏడే. వజ్రాలు పండిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మద్రాసు శ్మశానం చోటు మారింది. మార్చడంలో రాళ్లు కొన్ని పోయాయి. ప్రాగ్‌లో నిలబెట్టుకున్నదాన్ని మనవైపు నిలబెట్టుకోలేకపోయాం.

పరాయి దేశంలో పనికి వచ్చి కన్నుమూయడం మనవాళ్లకు కొత్త కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లలో ఎందరో పెట్టెల్లో ఇంటికి చేరారు. ఎంబామింగ్, పాస్‌పోర్టు రద్దు, విమానం కార్గో, శంషాబాద్ నుంచి అంబులెన్సు: ఈ వరస ఇక్కడి తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. ఊళ్లో దినవారాలు అయ్యాక ఆ మనిషి ఇరవై ఏళ్లు ఏ ఎండలో ఏ మేడ కట్టాడో చెప్పే అక్షరం ఎక్కడా మిగలదు. అతను పంపిన డబ్బుతో లేచిన ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి కథ మాత్రం మనవళ్ల నాటికి మరుగున పడిపోతుంది.

ఇది మనం దిద్దుకోగలిగిన లోటే. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ప్రతి ఊళ్లో, పంచాయతీ ఆఫీసులోనో గ్రంథాలయంలోనో, ఒక పలక పెట్టండి. పేరు, తండ్రి పేరు, పనిచేసిన ఊరు, పోయిన సంవత్సరం రాయండి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ఆ కుటుంబాల్లో తెలిసినవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. మీ ఊరితోనే మొదలుపెట్టండి.