పర్వత్ పాటియాలో ఒక నడిచిన బండి

వరంగల్ నుంచి సూరత్‌కు పోవాలంటే మా వైపు వాళ్లకు మొదట గుర్తొచ్చేది నవజీవన్ ఎక్స్‌ప్రెస్. రాత్రి ఎక్కితే విదర్భ పత్తిచేల మధ్య తెల్లవారుతుంది. జల్‌గావ్ దాటాక తాపీ లోయ పట్టుకుని, నందుర్బార్ మీదుగా సూరత్‌లో దించుతుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నేత కుటుంబాలు తరాలుగా ఈ రైల్లోనే పోయి సూరత్ పవర్‌లూమ్‌ల్లో పనికి కుదిరాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడుపుతోంది. దీపావళికి మూతపడ్డ బట్టల మార్కెట్లు లాభపంచమికి మళ్లీ తెరుచుకున్న వారం అది. పండక్కి ఊళ్లకు వచ్చినవాళ్లంతా తిరిగి మగ్గాల దగ్గరికి పోతున్నారు. బోగీ నిండా మన మాటే. నా ఎదుటి సీట్లో జనగామ పెద్దాయన, నేను కారు చూడ్డానికి పోతున్నానంటే, "కారు కోసం సూరతా?" అని అడిగి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

నేను చూడబోయేది 2016లో రిజిస్టరైన ఆడి టీటీ. జీజే 05 నంబరు. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మేవాళ్లు అడుగుతున్నది 19 లక్షలు. ఆ డబ్బుకు కొత్త ఎస్‌యూవీ వస్తుందని ఇంట్లో అన్నారు. ఆ మాట నిజమే. కానీ టీటీ లాంటి బండి ఇక కొత్తగా రాదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో నమూనాగా కనిపించి, 1998లో రోడ్డెక్కిన ఈ కారు మూడు తరాలు నడిచింది. 2023 నవంబరులో హంగేరీలోని గ్యోర్ ఫ్యాక్టరీ నుంచి చివరి బండి బయటికొచ్చింది. మూడో తరం టీటీ మన దేశానికి 2015 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు షోరూమ్ ధర 60 లక్షల పైచిలుకు. 2 లీటర్ల టర్బో ఇంజిన్, 230 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. నిలబడ్డచోటి నుంచి 5.3 సెకన్లలో వంద అందుకుంటుంది. బండి నడపడమంటే ఇష్టమున్నవాడికి ఇలాంటిది ఒక్కసారైనా సొంతం చేసుకోవాలనిపిస్తుంది. నాకు ఎన్నో ఏళ్లుగా అనిపిస్తోంది.

అందరూ భయపెట్టింది ఆ 1,18,000 అంకె చూపించే. నాకు భయం వేరే దాని మీద ఉంది, నీళ్ల మీద.

పర్వత్ పాటియా సూరత్ తూర్పు పక్కన, సహారా దర్వాజా నుంచి కడోదరా వైపు పోయే దారిలో ఉంటుంది. ఒక పక్క లింబాయత్, ఇంకో పక్క పూణా, కుంభారియా. రాజస్థాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ బట్టల వ్యాపారులు ఇక్కడ ఎక్కువ. అపార్ట్‌మెంట్లు, వాటి కింద దుకాణాలు, ఆ ముందర చీరల మూటలు మోసుకుపోయే టెంపోలు. ఈ ప్రాంతం గుండా ఖాడీలు పోతాయి. ఊళ్లోని వాన నీళ్లను మోసుకుపోయే పెద్ద కాల్వలవి. వాన గట్టిగా పడ్డా, ఎగువ నుంచి నీళ్లు తోసుకొచ్చినా అవి పొంగి సొసైటీల్లోకి చొరబడతాయి. సూరత్ అనగానే బయటివాళ్లకు 2006 ఆగస్టు వరద గుర్తొస్తుంది. ఉకాయి డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే తాపీ ఊరిని ముంచిన వరద అది. పర్వత్ పాటియా వాళ్లకు మాత్రం ఖాడీ పొంగడం దాదాపు ప్రతి వానాకాలపు బెంగ. 2025 జూన్ చివర్లో కూడా ఇక్కడి వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపిన బండికి ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు.

మా అక్కావాళ్లు లింబాయత్‌లో ఉంటారు. స్టేషన్‌కు వచ్చిన బావ మొహంలో అనుమానం దాచుకోలేదు.

"గింత తిరిగిన బండి ఎందుకు బామ్మర్దీ? లక్ష దాటిందంటే ఇంజిన్ పని అయిపోయినట్టే గదా?"

"ఎట్ల తిరిగిందో చూద్దాం బావా. తిరగకుండ పడి ఉన్నదే నాకు ఎక్కువ భయం."

మర్నాడు పొద్దున్నే పోయాం. ముందు రోజే ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని అడిగాను. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటిసారి అంటుకున్నప్పుడు చేసే చప్పుడులో చాలా సంగతులు తెలుస్తాయి. వేడెక్కాక దాక్కునే గొలుసు గరగర, ట్యాపెట్ల టిక్కుటిక్కు అప్పుడే బయటపడతాయి. మాతో వచ్చిన మెకానిక్ జర్మన్ బండ్ల పనికే పేరుపడ్డవాడు. చెవి దగ్గర పెట్టి విని, ఏమీ అనకుండా తలూపి, ల్యాప్‌టాప్ తీశాడు.

అమ్మేది ఒక బట్టల వ్యాపారి. మాట తక్కువ మనిషి. "గాడీ చలీ హై, ఖడీ నహీ రహీ" అన్నాడు ముందే. బండి నడిచింది, ఊరికే నిలబడి లేదు. నెలకు రెండుసార్లు ముంబై మార్కెట్‌కు పోయి రావడం ఆయన అలవాటు. సూరత్ నుంచి ముంబైకి 280 కిలోమీటర్లు, రానూపోనూ 560. ఏడాదికి దగ్గర దగ్గర పదమూడున్నర వేలు. తొమ్మిదేళ్లకు ఆ లెక్క మీటరుతో సరిపోతోంది. అదంతా హైవే మీద పడ్డ దూరం. ఆ కిలోమీటర్లలో ఇంజిన్ సరైన వేడి మీద, గేరు పైదాంట్లో, బ్రేకు తక్కువగా నడుస్తుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య 40,000 తిరిగిన బండి దీనికన్నా ఎక్కువ అరిగిపోవచ్చు.

మాటతో సరిపెట్టుకోలేదు. ల్యాప్‌టాప్‌లో పాత ఫాల్ట్ రికార్డులు తెరిస్తే, ఒక్కో తప్పు ఏ కిలోమీటరు దగ్గర నమోదైందో కూడా ఉంటుంది. 41,000 దగ్గర ఒక సెన్సార్, 76,000 దగ్గర బ్యాటరీ ఓల్టేజి, 1,03,000 దగ్గర ఏదో చిన్నది. వరుస ఎక్కడా వెనక్కి పోలేదు. ఫైల్లో సర్వీసు బిల్లులున్నాయి. ఈ కంపెనీ బండ్లకు ఏడాదికో, 15,000 కిలోమీటర్లకో సర్వీసు చేయించాలి. ఏదీ తప్పలేదు. 60,000 దాటాక గేర్‌బాక్స్ ఆయిల్, దాని ఫిల్టరు మార్చిన బిల్లు చూసి మెకానిక్ మొదటిసారి నవ్వాడు. రెండు క్లచ్‌ల ఆ గేర్‌బాక్స్ ఆయిల్లోనే మునిగి పనిచేస్తుంది. ఆ ఆయిల్ మార్చకుండా వదిలేసిన బండి కొంటే బండి ధరలో పెద్ద వాటా గేర్‌బాక్స్ బాగుకే పోతుంది. మళ్లీ మార్చాల్సింది 1,20,000కి. అంటే ఆ ఖర్చు నా నెత్తినే పడబోతోంది.

పెయింట్ చూడ్డం ఇక్కడ వేరే పద్ధతి. పుట్టీ పట్టించారేమో చూడాలని బావ జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి డోర్‌కు ఆనించాడు. అతుక్కోకుండా జారి కింద పడింది. ఎక్కడ పెట్టినా అంతే. "మొత్తం పుట్టీనేనా?" అని ఆయన గాబరా. ఈ కారు పైరేకులన్నీ అల్యూమినియం, ఫ్లోరు మాత్రం ఉక్కు. అల్యూమినియం మీద కూడా మందం చెప్పే మీటరు మెకానిక్ దగ్గరుంది. ఎడమ వెనక ఫెండర్ ఒక్కటి మళ్లీ పెయింట్ చేసినట్టు తేలింది. పార్కింగ్‌లో స్తంభానికి రాసుకుందని వ్యాపారి అడగకముందే ఒప్పుకున్నాడు. కింద చట్రం, వెల్డింగ్ చుక్కలు చూశాం. అక్కడ దెబ్బ లేదు.

బానెట్ కింద మాత్రం ఒకటి దొరికింది. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఉండే ప్లాస్టిక్ డబ్బా అడుగున గులాబీ రంగు పొడి మరక. మెకానిక్ టార్చి వేసి చూపించాడు. వేలితో గీకితే ఉప్పులా రాలింది. కారిన కూలెంట్ ఎండితే అలా పేరుకుంటుంది. ఈ తరం ఇంజిన్లకు బాగా తెలిసిన జబ్బే. ప్లాస్టిక్ వేడికి వంగి సన్నగా కారడం మొదలవుతుంది, పట్టించుకోకపోతే ఒకరోజు ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. విప్పి కొత్తది వేస్తే సరి. బేరానికి ఇది చేతికొచ్చిన ఆధారం.

ఇక నీళ్ల పరీక్ష. సీట్‌బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడాలి. రోజూ వాడే భాగం ఎవరైనా కడుగుతారు, చుట్టలో ఉండిపోయే చివరి మూర ఎవరూ కడగరు. సీటు కింది పట్టాల బోల్టులు, కార్పెట్ కింద స్పాంజి, వెనక డిక్కీలో టూల్స్ పెట్టే గుంట, వైర్ల కనెక్టర్ల లోపల పచ్చగా పట్టే చిలుము, అన్నీ చూశాం. ఎక్కడా ఏమీ లేదు. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటేనే అది వస్తుంది. వరదలో మునిగిన బండిని ఇన్సూరెన్స్ లేకుండా బాగుచేయించుకునేవాళ్లు అరుదు. వానాకాలంలో బండి ఎక్కడ పెడతారని అడిగితే, ఎత్తు మీదున్న తమ గోడౌన్‌లో పెడతానన్నాడు. ఆ గోడౌన్‌కూ తీసుకెళ్లి చూపించాడు.

నడిపాను. పర్వత్ పాటియా ట్రాఫిక్‌లో మొదట టెంపోల వెనక పాకుతూ, తర్వాత సారోలీ దాటి కడోదరా దాకా, అక్కడ హైవే మీద. నెమ్మదిగా పాకేటప్పుడే గేర్‌బాక్స్ వణుకు తెలుస్తుంది. వణకలేదు. స్పీడ్‌బ్రేకర్ల దగ్గర ముందు కుడి వైపు నుంచి టక్కుమని చప్పుడొచ్చింది. సస్పెన్షన్ బుష్ అరిగింది. హైవే మీద కాలు నొక్కిన క్షణంలో వెన్ను సీటుకు అతుక్కుపోయింది. తొమ్మిదేళ్ల బండి, లక్ష దాటిన బండి అన్న మాట ఆ స్టీరింగ్ పట్టుకున్నవాడికి తట్టదు. పక్కన కూర్చున్న బావ ఏమీ అనకుండా తలుపు పైన పట్టుకునేందుకు ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు.

తిరిగొచ్చాక బ్రోకర్ ఒకతను అడ్డుపడ్డాడు. అదే పేటలో ఇంకో స్పోర్ట్స్ కారు ఉంది, 26,000 కిలోమీటర్లే, ధర ఒక్క లక్షే ఎక్కువ. బావ కళ్లు మెరిశాయి. పోయి చూశాం. కడిగి పాలిష్ పెట్టిన బండి, తలుపు తీయగానే గుప్పున సెంటు వాసన. డ్రైవర్ సీట్‌బెల్ట్ పట్టుకుని నెమ్మదిగా లాగాను. నల్లటి పట్టీ శుభ్రంగా వస్తూ వస్తూ, చివరికి వచ్చేసరికి రంగు మారింది. మట్టి రంగు గీత ఒకటి అడ్డంగా, దాని పైన నలుపు, దాని కింద బూడిద. వేలు రాస్తే సన్నటి ఒండ్రు అంటుకుంది. సీటు కింద బోల్టుల తలలు తుప్పుతో ఎర్రబారాయి. బ్రోకర్ వైపు చూస్తే ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. బావ ఆ పట్టీని తన వేళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆయన నోట కిలోమీటర్ల మాట రాలేదు. తక్కువ తిరిగిందన్న ఆశతో ఇలాంటి బండ్లు కొని, ఏడాదిలోపే ఒక్కో కంప్యూటర్ బాక్సూ చచ్చిపోతుంటే ఏం చేయాలో తెలియక కూర్చునేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అమ్మేవాడు ఒక్క మాట చెప్తే ఆ కుటుంబం ఆ అప్పు చేయదు.

రాత్రి అక్క పెట్టిన అన్నం తిని లెక్కలు రాసుకున్నాం. గేర్‌బాక్స్ ఆయిల్, నాలుగు చక్రాలకు శక్తి పంచే కప్లింగ్‌లో ఆయిల్, వాటర్ పంపు, బుష్‌లు, ముందు బ్రేకు డిస్కులు. టైర్ల పక్కన నాలుగంకెలు చూస్తే అవి 2021 నాటివి, ఏడాదిలో మార్చాలి. వీటన్నిటికన్నా పెద్దది జీవిత పన్ను. గుజరాత్ బండిని తెలంగాణకు తెచ్చి 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. వయసును బట్టి పన్ను శాతం తగ్గుతుంది కానీ, లెక్క మొదలయ్యేది బండి అసలు ధర నుంచి. నేను పెట్టేది 19 లక్షల లోపే అయినా, పన్నుకు ఇది 60 లక్షల బండే. వాడిన ఖరీదైన కార్లు వేరే రాష్ట్రాల్లో చవగ్గా కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఈ పన్ను కలుపుకోకుండా బేరం మొదలుపెట్టడం వృథా.

పెట్రోలు సంగతి కూడా మెకానిక్‌తో మాట్లాడాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఈ బండి తయారైన రోజుల్లో ఆ పాళ్లు లేవు. ఇంధనం పోయే గొట్టాలు, సీళ్లు ఏడాదికోసారి విప్పి చూసుకోమని, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచొద్దని చెప్పాడు. నడుపుతూ ఉండమనే సలహా మళ్లీ.

మర్నాడు వ్యాపారి ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ కాగితం ముందు పెట్టాను. ఖర్చులన్నీ వరుసగా రాసి ఉన్నాయి. ఆయన వ్యాపారి గనక అంకెలతో వాదించలేదు, ఏవి నిజమో చూసుకున్నాడు. ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరుంది. అప్పు ఎప్పుడో తీర్చేశాడు, పేరు మాత్రం తీయించలేదు. బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి అది తీయించడం ఆయన పని. ఆ తర్వాత ఆర్టీఓ దగ్గర ఫారం 28తో వేరే రాష్ట్రానికి పోయేందుకు ఎన్ఓసీ. అమ్మకానికి ఫారం 29, 30. వాటర్ పంపు ఆయన డబ్బుతో, మా మెకానిక్ దగ్గరే మార్పించాలి. ధర 17 లక్షల 40 వేల దగ్గర ఆగింది. 50,000 టోకెన్ ఇచ్చి, ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తానని ఆయనే అన్నాడు, వద్దన్నాను. తేదీ, నంబరు నింపాకే ఇద్దరం సంతకం చేయాలని చెప్తే ఆయనకు నచ్చింది.

ఎన్ఓసీ రాగానే బావా నేనూ కలిసి దాన్ని ఇంటికి తెస్తాం. నవాపూర్, కొండాయ్‌బారి ఘాటు, ధూళే మీదుగా దారి ఖాయం చేశాం. బండి కిందికి ఉంటుంది గనక చీకట్లో తెలియని గుంతల మీద పోకూడదని, రాత్రికి ఎక్కడైనా ఆగాలని నా పట్టు. ఘాటులో స్టీరింగ్ తనకివ్వాలని బావ పట్టు.