ఉగ్గుగిన్నె, మరి కొన్ని వస్తువులు



ఇంతకాలం నేను మీతో పాఠ్యపుస్తకాల కొరత గురించి, ఏటేటా తగ్గుతున్న హాజరుపట్టీ గురించి ముచ్చటిస్తూ వచ్చాను. ఈసారి విషయం కొంచెం వేరు. బిడ్డ పుట్టబోయే ఇంట ఏ వస్తువులు కొనాలి, ఏవి కొననక్కరలేదు అన్నదే నేటి ముచ్చట. తెలుగు పంతులమ్మకు అంగడి సరుకుతో పనేమిటని మీరు అడగవచ్చు. ఓపికగా చివరిదాకా చదివితే ఈ దారి కూడా మన బడి గడప దగ్గరకే వస్తుందని మీకే తెలుస్తుంది.

2023 కార్తిక మాసంలో మా అమ్మాయి తొలి కాన్పుకు హోసూరు వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రమే ఫోనులో ఒక జాబితా తెరిచి నా చేతికి ఇచ్చింది. అందులో 43 వస్తువులున్నాయి. వాటి మొత్తం 58 వేల రూపాయలు దాటింది. అల్లుడుగారిది బెంగళూరులో ఒక చిన్న ఉద్యోగం. జీతంలో సగం ఇంటి అద్దెకు, అప్పు వాయిదాలకు పోతుంది. "ఇవన్నీ కావాలా తల్లీ?" అన్నాను. "అందరూ కొంటున్నారమ్మా, కొనకపోతే బిడ్డకు తక్కువ చేసినట్లు ఉండదా?" అన్నది. ఆ మాటలో ఆశ కన్నా భయమే ఎక్కువగా వినిపించింది నాకు. మా అమ్మ మంచం మీద నుంచే, "బిడ్డ భూమ్మీద పడకముందే సరుకులేమిటే? పాత చీరలు నాలుగు చించి ఉతికి పెట్టుకుంటే చాలు" అని తేల్చేసింది. జాబితా పట్టుకున్న కూతురికి, చీరలు చాలన్న తల్లికి నడుమ నేను నిలబడ్డాను.

ఇద్దరి మాటలోనూ కొంత సత్యం ఉన్నది, కొంత పొరపాటూ ఉన్నది. అందువల్ల బడిలో లెక్క నేర్పినట్లుగా ప్రతి వస్తువుకూ మూడు ప్రశ్నలు వేద్దామని మా అమ్మాయితో అన్నాను. ఇది లేకపోతే బిడ్డకు నిజంగా కష్టం కలుగుతుందా? కొంటే ఎన్ని నెలలు పనికి వస్తుంది? దీనివల్ల హాని ఏమైనా ఉన్నదా? మీ ఇంట కూడా ఇటువంటి సందర్భం వస్తే ఈ మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయని నా నమ్మకం.

కొలబద్దగా నాకు ఒక సంచి గుర్తుకు వచ్చింది. 2015లో తమిళనాడు ప్రభుత్వం, ప్రభుత్వాసుపత్రులలో పుట్టిన శిశువులకు 16 వస్తువులున్న సంచిని ఇవ్వడం ఆరంభించింది. తువ్వాలు, చొక్కా, చిన్న పరుపు, దోమతెర, సబ్బు, గోళ్ళు తీసే కత్తెర, గిలక్కాయ వంటివి అందులో ఉండేవి. తల్లికి శుంఠి లేహ్యం కూడా ఉండేది. 2017లో తెలంగాణ ప్రభుత్వమూ ఇటువంటి సంచి ఇచ్చింది. ఫిన్లండు దేశంలో 1938 నుంచే పేద తల్లులకు ఇటువంటి పెట్టె ఇస్తున్నారు, 1949 నుంచి తల్లులందరికీ విస్తరించారు. ఆ అట్టపెట్టె అడుగున పరుపు పరిచి బిడ్డను అందులోనే పడుకోబెట్టవచ్చు. ప్రభుత్వాలు ఆలోచించి 16 చాలనుకున్నచోట మనకు 43 ఎందుకు?

ఇక ఒక్కొక్కటి చూశాము. దిండు కొట్టివేశాము. పసిబిడ్డను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలని, దిండు గాని మెత్తని బొమ్మలు గాని పక్కన ఉండరాదని వైద్యులు చెబుతున్నారు. అవి ముక్కుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. పౌడరు కొట్టివేశాము, ఆ దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతుంది. నడవని బిడ్డకు బూట్లు మూడు జతలు ఎందుకో మా అమ్మాయికే తోచలేదు, నవ్వి తానే తీసివేసింది. పాలసీసాల పెట్టె కూడా తీసివేశాము. సీసాలకు, డబ్బాపాలకు ప్రచారం చేయరాదని మన దేశంలో 1992 నుంచి చట్టమే ఉన్నది. తల్లిపాలకు అవి పోటీ కారాదన్నది ఆ చట్టం ఉద్దేశం.

డైపర్ల దగ్గర కొంత వాదన జరిగింది. పసికందుకు రోజుకు ఎనిమిది నుంచి పది పడతాయి. ఒక్కొక్కటి పది రూపాయలనుకున్నా నెలకు మూడు వేలకు దగ్గర పడుతుంది. రాత్రికి, ప్రయాణానికి డైపరు, పగలు నూలుగుడ్డ అని రాజీపడ్డాము. అక్కడ మా అమ్మ గెలిచింది. పుట్టిన బిడ్డకు మొదట పాత బట్ట తొడగాలన్న ఆచారం వెనుక ఉన్న మర్మం సులభమే. పలుమార్లు ఉతికిన నూలు మెత్తగా ఉంటుంది, లేత చర్మాన్ని ఒరిపిడి పెట్టదు.

అయితే మా అమ్మ మాటలన్నీ నేను ఒప్పుకోలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు తొందరగా వస్తాయని ఆమె నమ్మకం. ఎక్కువ మాట్లాడేవారిని వసపిట్ట అంటాము కదా! కాని మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు సైతం పట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాటుక కూడా వద్దన్నాను. కొన్ని కాటుకలలో సీసం ఉంటుంది. అమ్మ అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. "వస రాస్తే మాటలు రావమ్మా, మనం మాట్లాడితే వస్తాయి" అన్నాను. ఆ వాక్యం తరువాత నన్నే వెంటాడుతుందని అప్పుడు నాకు తెలియదు.

చివరకు జాబితాలో 14 మిగిలాయి. దోమతెర, వేడి చూసే డిజిటల్ థర్మామీటరు, ముందువైపు ముడివేసే నూలు చొక్కాలు, హోసూరు చలికి ఉన్ని టోపీలు, మేజోళ్ళు, తువ్వాళ్ళు వంటివి. ఖర్చు ఆరు వేలకు లోపే. కారు లేదు కనుక కారులో బిగించే పిల్లల కుర్చీ తీసివేశాము. కారు ఉన్నవారు మాత్రం దానిని తీసివేయకండి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం దానికి సాటిరాదు.

అన్నీ సర్ది పెట్టుకున్నామనుకున్నాము. కాని బిడ్డ మా లెక్క ప్రకారం రాలేదు. నెలరోజులు ముందుగానే డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. బరువు ఒక కిలో 900 గ్రాములు. ఆసుపత్రి అద్దాల గది బయట నిలబడినప్పుడు మేము కొన్నవీ, కొననివీ ఏవీ గుర్తుకు రాలేదు.

రెండవ రోజు నర్సమ్మ బయటకు వచ్చి, బిడ్డకు చప్పరించే బలం ఇంకా రాలేదని, తల్లిపాలు పిండి పట్టాలని తమిళంలో చెప్పి, "ఒక పాలాడై కొని తీసుకురండి" అన్నది. మా అమ్మాయికి ఆ మాట తెలుసు. మా అమ్మకు తెలియదు. "అదేమిటే?" అని నన్ను అడిగింది. నర్సమ్మ తన చేతిలో ఉన్నదానిని చూపించింది. అరచేతిలో ఇమిడే చిన్న స్టీలు గిన్నె, ఒక వైపు సన్నని ముక్కు. మా అమ్మ ముఖం విప్పారింది. "ఓసి, ఇది మన ఉగ్గుగిన్నె కదే!" అన్నది. మా అమ్మాయి నా వైపు తిరిగి, "ఉగ్గుగిన్నె అంటే ఇదా అమ్మా?" అని అడిగింది.

మిత్రులారా, నేను 28 ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. మాతృభాషను బిడ్డలు ఉగ్గుపాలతో నేర్చుకుంటారని ఎన్ని సభలలో అన్నానో లెక్కలేదు. నా కన్నకూతురికి ఉగ్గుగిన్నె ఏదో తెలియదు. 43 వస్తువుల జాబితాలో అది లేదు. నేను 14కు కుదించిన జాబితాలోనూ లేదు. ఆనాడు ఆ బిడ్డకు అత్యవసరమైన వస్తువు అదొక్కటే.

మా ఇంట అటకమీద పెట్టెలో ఒక పాత ఉగ్గుగిన్నె ఉన్నది. నేను, నా తమ్ముళ్ళు దానితోనే పాలు తాగామట. అమ్మ దానిని తెమ్మన్నది. కాని అది ఇత్తడిది. ఇత్తడి పాత్రలలో కాచి నిలవచేసిన పాలలోకి రాగి దిగుతుందని, అది పసిబిడ్డల కాలేయానికి చేటు చేయగలదని పరిశోధకులు గుర్తించారు. అందువల్ల పాతగిన్నెను పెట్టెలోనే ఉంచి, అంగడిలో కొన్ని పదుల రూపాయలకు స్టీలుది కొన్నాము. మరిగించడం, కడగడం సులభం. సీసా రబ్బరు పీకలో దాగినట్లు దీనిలో మురికి దాగదు. బిడ్డ తల కొంచెం ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవి అంచుకు ఆనించి, ఆమె మింగినకొద్దీ చుక్కచుక్కగా పోయాలి. తొందర పనికిరాదు.

అమ్మాయి ఛాతీ మీద బిడ్డను చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి పైన గుడ్డ చుట్టారు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో, ఆసుపత్రిలో సౌకర్యాలు చాలనప్పుడు మొదలైన పద్ధతి ఇది. దీనికి కంగారూ సంరక్షణ అని పేరు. బరువు తక్కువ బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటల వరకు ఇలా చేయాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీనికి కావలసినది తల్లి గుండె, ఒక గుడ్డ. మా అమ్మ చించి ఉతికిన పాత చీర ముక్కే ఆ గుడ్డ అయింది. 21 రోజుల తరువాత ఇంటికి వచ్చాము.

బారసాలనాడు మా వియ్యపురాలు ఎంతో ముచ్చటపడి చక్రాల వాకరు తెచ్చింది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. 1997లో మా అమ్మాయికి నేనే అటువంటిది కొన్నాను. వంటింట్లో పాలు దించే లోపల అది గడప మీదుగా దొర్లి బోర్లా పడింది. ఎడమ కనుబొమ మీద మచ్చ ఈనాటికీ ఉన్నది. కెనడా దేశం 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. "వదినగారూ, మీ మనసు నొప్పించాలని కాదు" అని ఆ మచ్చ కథ చెప్పాను. ఆమె అమ్మాయి ముఖం దగ్గరకు తీసుకుని మచ్చను తడిమి చూసింది. మరునాడు వాకరు అంగడికి తిరిగిపోయింది, దాని బదులు ఒక దోమతెర వచ్చింది. ఇప్పుడు మాకు దోమతెరలు రెండు!

ఇక నేను చెప్పదలచిన మాట. 2002లో మా అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్చవలసి వచ్చినప్పుడు నేను నా బడిలో చేర్చలేదు. ఇంగ్లీషు మాధ్యమంలో వేశాను, రెండవ భాషగా తమిళం తీసుకున్నాము. ఇంట తెలుగు ఎలాగూ ఉన్నది కదా అనుకున్నాను. ఇతరుల పిల్లలను తెలుగు బడికి పంపమని వీధి వీధీ తిరిగిన నేను, నా ఇంట మాత్రం అందరూ కొంటున్నదే కొన్నాను. "అందరూ కొంటున్నారమ్మా" అని అమ్మాయి అన్నప్పుడు ఆ మాట ఎక్కడ నేర్చుకున్నదో నాకు తెలుసు. అది బతుకుతెరువుకు పనికి వచ్చింది, కాదనను. కాని ఇంట్లో మాట్లాడుకున్న తెలుగు కూర, అన్నం, పండుగల దగ్గర ఆగిపోయింది. తొట్టెల అన్న మాట నిలిచింది, తమిళంలో తొట్టిల్, కన్నడంలో తొట్టిలు ఉన్నాయి కనుక. తోడులేని ఉగ్గుగిన్నె జారిపోయింది.

స్టీలు గిన్నె అడుగున పాప పేరు చెక్కించడానికి పాత్రల అంగడికి వెళ్ళాను. "తమిళమా, ఇంగ్లీషా?" అని అడిగారు. తెలుగన్నాను. చెక్కే అబ్బాయికి మన అక్షరాలు రావు. కాగితం మీద రాసి ఇస్తే బొమ్మ గీసినట్లు చూసి చెక్కాడు. దీర్ఘం కొంచెం వంకర పోయింది. అయినా చదవవచ్చు.

పాపకు రెండేళ్ళు నిండాయి. బరువు, మాట రెండూ వయసుకు తగినట్లే ఉన్నాయి. ఆ గిన్నెలో ఇప్పుడు ఇసుక పోసుకుని ఆడుతుంది. ఫోనులో వారానికి రెండుసార్లు మా అమ్మ ఆమెకు జోల పాడుతుంది. మధ్యలో మరిచిపోయినచోట అమ్మాయి అందిస్తున్నది. ఆ పాట ఆమె ఎప్పుడు నేర్చుకున్నదో నేను గమనించలేదు.

పాపను ఏ బడిలో చేర్చాలన్నది ఇంకా తేలలేదు. అమ్మాయి మాట ఇవ్వలేదు. నేనూ అడగలేదు, అడిగే హక్కు నాకు కొంచెమే ఉన్నది. మీ ఇంట కానుపు ఉంటే మాత్రం ఇంత చేయండి. కొనే ముందు ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ అమ్మమ్మనో అవ్వనో కూర్చోబెట్టి, కొన్న ప్రతి వస్తువునూ మన మాటలో ఏమంటారో అడిగి, బిడ్డ ఎదుట ఆ మాట పలకండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆలస్యమైతే మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు.

సెలవు.